కార్ఖానా రోడ్డు మీద సైకిలు తీర్పు

నేను సికింద్రాబాదులో ఐదు రోజులు ఉండి వచ్చాను. చార్మినారు చూశారా, గోలకొండ ఎక్కారా అని మా ఊళ్లో అడగనివాళ్లు లేరు. రెండూ చూడలేదు. నేను వెళ్లింది ఊరు చూడటానికి కాదు. ఒక తగువు తీర్చమని పిలిస్తే వెళ్లాను.

మా తాతగారి కాలంలో పద్నాలుగు ఊళ్ల తగువులు మా కచేరీ సావిట్లో తెగేవి. ఎస్టేటు పోయింది, భూములు పోయాయి, ఆ సావిడి ఇప్పుడు ఎరువుల గోడౌను. నేను పంచాయతీ గ్రంథాలయంలో పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే ఉద్యోగం చేస్తున్నాను. అందుకు నాకు సిగ్గు లేదు. కాని మా ఇంటి మాట కావాలని ఒకరు కబురు పెట్టి ముప్పై ఏళ్లు దాటింది. అందుకే సామ్యూల్ మాస్టారి ఉత్తరం రాగానే సెలవు చీటీ రాసి బల్ల మీద పెట్టి రైలెక్కాను.

సామ్యూల్ మాస్టారి నాన్నగారు మా ఊరి మిషను బడిలో పంతులు. నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే. మాస్టారు సికింద్రాబాదులో ఉద్యోగం చేసి, రిటైరై, కార్ఖానాలో స్థిరపడ్డారు. భార్య లేరు. ఒక్కతే కూతురు ఎస్తేరు. చిన్నప్పుడు వేసవి సెలవులకు మా ఊరు వచ్చేది. అప్పుడు కాలవ గట్టు మీద నా సైకిలు ఇచ్చి ఆమెకు తొక్కడం నేర్పింది నేనే.

ఉత్తరంలో ఇలా ఉంది: "అమ్మాయికి పద్మారావు నగర్‌లో చిన్నపిల్లల బడిలో ఉద్యోగం వచ్చిందండి. రోడ్డు మీద వద్దని, ఫుట్‌పాత్ మీద తొక్కుకుంటూ వెళ్లమన్నాను. ఒక ముసలమ్మను గుద్దింది. సైకిలుకు తాళం వేశాను. బస్సులో వెళ్తే వారంలో రెండుసార్లు ఆలస్యం అయింది. మూడోసారి అయితే రానక్కర్లేదన్నారట. సైకిలు నేర్పింది తమరు. ఎక్కడ తొక్కాలో, అసలు తొక్కాలో లేదో కూడా తమరే చెప్పండి. తమరి మాటకు నేనూ అదీ కట్టుబడి ఉంటాం."

స్టేషను ఎదుట

శుక్రవారం పొద్దున దిగాను. స్టేషను ఎదుటి ఇరానీ హోటల్లో టీ చెప్పాను. అడగకుండానే పళ్లెం నిండా బిస్కట్లు తెచ్చి నా ముందు పెట్టారు. కొత్తగా వచ్చిన పెద్దమనిషికి చేసే మర్యాద అనుకున్నాను. ముట్టకపోతే బాగుండదని నాలుగు తిన్నాను. లేచేటప్పుడు తెలిసింది, ఇక్కడ పళ్లెం అందరి ముందూ పెడతారట, తిన్నవాటికి డబ్బు తీసుకుంటారట. టీ అరవై పైసలు, బిస్కటు ఇరవై. మారు మాట్లాడకుండా ఇచ్చాను. మీరు వెళితే ఒకటి తినండి. ఉప్పగా, తియ్యగా, నోట్లో వేసుకుంటే కరిగిపోతుంది.

టీ మాత్రం మన టీ కాదు. పాలు చిక్కగా మరిగి మీగడ కట్టి ఉంటాయి. నా పక్కనున్న ఆయన సాసర్లో పోసుకుని చప్పుడు చేస్తూ తాగాడు. మా వైపు ఆ చప్పుడుకు పిల్లల్ని కసురుతాం. ఇక్కడ తెల్ల చొక్కా వేసుకున్న ఆఫీసరు కూడా అలాగే తాగుతున్నాడు.

యాదగిరి షాపు

కార్ఖానాలో అద్దె సైకిళ్ల షాపును సైకిల్ టాక్సీ అంటారు. దారి చూడాలంటే నాకూ సైకిలు కావాలి గదా. షాపు యజమాని యాదగిరి, మోచేతుల దాకా గ్రీజు అంటిన మనిషి.

"పేరేంది సార్?" అన్నాడు.

ఇంటిపేరు, బిరుదు, పేరు వరసగా చెప్పాను. అతను మొదటి రెండు మాటలు రాసుకుని పెన్సిలు ఆపాడు.

"ఇంత పొడుగు పేరు బుక్కుల పట్టది సార్. ఈడ మీకెవరెరుక?"

"సామ్యూల్ మాస్టారు."

"అరె, గట్ల చెప్పాలె గద. మా తమ్మునికి లెక్కలు చెప్పిన సారాయన. తీస్కపోండ్రి." అని ఒక నల్ల సైకిలు బయటికి లాగాడు. "ఎనక బ్రేకు జెర లూజున్నది. కాలు సుత వాడుండ్రి."

రోజుకు మూడు రూపాయలు. మా పేరు తెరవని తలుపును ఒక పంతులుగారి పేరు తెరిచిందని నేను చిన్నబుచ్చుకోలేదు. ఆ పంతులుగారి తండ్రికి మా ఊళ్లో ఇల్లు కట్టుకునే జాగా ఇచ్చింది మా తాతగారే.

మధ్యాహ్నం మాస్టారింట్లో ఎండు రొయ్యలు వేసిన వంకాయ కూర, చారు, పక్కింటివాళ్లు పంపిన జొన్నరొట్టె. ఒకప్పుడు మావాళ్లు ఆ ఇంటి మంచినీళ్లు కూడా ముట్టేవారు కాదు. నేను కూర మళ్లీ వెయ్యమన్నాను. మాస్టారు కాసేపు గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డారు.

భోజనాలయ్యాక ఆయనే మొదలుపెట్టారు. "రోడ్డెక్కితే లారీ భయం. ఫుట్‌పాతెక్కితే పాపభయం. ఇంకెక్కడ తొక్కుతుందండి బాబుగారూ?"

ఎస్తేరుకు ఇరవై రెండేళ్లు. వంటింటి గుమ్మంలో నిలబడి నవ్వింది. "నాన్న లెక్క ప్రకారం ఇంట్లోనే తొక్కాలండి బాబుగారూ. స్టాండు వేసి."

"నవ్వులాటగా ఉందా? ఆ ముసలావిడ చెయ్యి విరిగుంటే?"

ఆమె నవ్వు ఆపేసింది. "నేను మర్చిపోలేదు నాన్నా. రోజూ వెళ్లి చూస్తూనే ఉన్నా."

ఇక్కడ మా కాలవ గట్టు సంగతి చెప్పాలి. గట్టు మీద దారి రెండు మూరలు. ఒక పక్క చేను, ఒక పక్క నీళ్లు. ఎదురుగా నెత్తిన బరువుతో మనిషి వస్తే సైకిలు మీదున్నవాడు దిగాలి. దిగి నీటి వైపు నిలబడాలి. బరువున్నవాళ్లు చేను వైపు నుంచి పోతారు. ఇది మా తాతగారు పెట్టిన కట్టు. ఆయనకు ముందు పెద్దవాళ్లకు చిన్నవాళ్లు తప్పుకునేవారు. ఆయన గడ్డిమోపు ఎత్తుకొచ్చిన మనిషికి గుర్రం దిగి నీటి వైపు నిలబడ్డారు. ఆ రోజు నుంచి అందరికీ అదే చట్టమైంది. ఎస్తేరుకు నేను నేర్పిన మొదటి పాఠం కూడా అదే. ఆ పాఠం చాలుననుకునే నేను రైలెక్కాను.

శనివారం: ఫుట్‌పాత్ మీద

బడి ఎనిమిదింటికి. మామూలుగా అరగంట దారి. తీర్పు అయ్యేదాకా రోజూ తీసి మళ్లీ వేస్తానని మాస్టారు సైకిలు తాళం తీశారు. మేము ఏడింటికే బయలుదేరాం, ఆమె ముందు, నేను వెనక. మాస్టారు చెప్పినట్టు ఫుట్‌పాత్ మీదే వెళ్లి చూద్దామన్నాను.

పది గజాలు పోగానే దర్జీ మిషను. దిగాం. తర్వాత హోటలువాడి నీళ్ల పీపా. దిగాం. చెప్పులు కుట్టేవాడి సామాను, అరటిపళ్ల బండి, అడ్డంగా పెట్టిన స్కూటరు, మూతపోయిన మురిక్కాలవ. ఎన్నిసార్లు దిగామో లెక్క మానేశాను. మా వైపు ఇంటి అరుగు ఇంటివాళ్లది, దారి అందరిది. ఇక్కడ ఫుట్‌పాత్ ముందు ఏ దుకాణం ఉంటే వాళ్లది. నడిచేవాళ్లు మిగిలిన సందులోంచి పోతున్నారు.

అసలు ప్రమాదం ఇంకోటి ఉంది, అది నేను వెనక ఉండబట్టి చూశాను. ప్రతి గల్లీ దగ్గరా ఫుట్‌పాత్ ఆగిపోతుంది. సైకిలు రోడ్డు మీదికి దిగాలి. ఒకచోట ఎస్తేరు అరటిపళ్ల బండి చాటునుంచి దిగింది. సరిగ్గా అప్పుడే ఆటో ఒకటి మలుపు తిరిగింది. ముందు చక్రానికి జానెడు దూరంలో ఆగింది.

డ్రైవరు తల బయటపెట్టాడు. "ఏడికెల్లి ఊడిపడ్డవమ్మా? ఆసుమాన్ కెల్లి దిగినట్టు దిగుతవు, నేనెట్ల జూడాలె?"

ఆమె సైకిలు వెనక్కి లాక్కుంది. అతను చెప్పినదాంట్లో తప్పు లేదు.

మలుపు దాటాక గోడకు ఆనుకుని పల్లీల గంప ముందు ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. ఎస్తేరు గుద్దింది ఈమెనే. పేరు బాలమ్మ. మోచేతికి ఇంకా గుడ్డ కట్టి ఉంది. మమ్మల్ని చూడగానే గంప గోడ దగ్గరికి లాక్కుంది.

"మల్ల సైకిలేసుకొని వచ్చినవా బిడ్డా? గీసారి పెద్దమనిషిని సుత తోల్కొచ్చినవు. ఇద్దరు గుద్దుతరా ఏంది?"

ఎస్తేరు సైకిలు దిగి నిలబడింది. "చెయ్యి ఎట్లుందవ్వా?" కార్ఖానాలో పెరిగిన పిల్ల, ఇంట్లో ఒక మాట, వీధిలో ఒక మాట.

"చెయ్యి మంచిగైంది. భయమే పోతలేదు. ఎనక గంట ఇనబడితే గోడకు అతుక్కుంటున్న." తర్వాత నావైపు తిరిగింది. "నువ్వు చెప్పు సారూ. రోడ్డు మీద లారొస్తే గీ బిడ్డ ఫుట్‌పాతెక్కుతది. ఫుట్‌పాత్ మీద గీ బిడ్డొస్తే నేనేడికెక్కాలె? గోడెక్కనా?"

మా సావిట్లో ఎందరో వకీళ్లు వాదించారని విన్నాను. ఇంత సూటిగా ఎవరూ వాదించి ఉండరు. పావలా పల్లీలు కొనుక్కుని తలవంచి ముందుకు సాగాను.

గంట ముందు బయలుదేరినవాళ్లం బడి గేటు దగ్గరికి వెళ్లేసరికి గంట కొడుతున్నారు. ఆమె పరుగెత్తింది.

ఆదివారం: నేరేడ్‌మెట్

చర్చి నుంచి వచ్చాక మాస్టారు, ఎస్తేరు, నేను మూడు సైకిళ్ల మీద నేరేడ్‌మెట్ వైపు వెళ్లాం. మాస్టారు ఏళ్ల తర్వాత ఎక్కారు. కంటోన్మెంటు రోడ్లు వెడల్పుగా, చెట్ల నీడలో, అద్దంలా ఉంటాయి. ఆ రోడ్డు మీద సైకిలు తొక్కడం సన్నాయి వినడంలా ఉంటుంది.

ఒకచోట సైనికులు పదిమంది సైకిళ్ల మీద ఎదురయ్యారు. జంటలు జంటలుగా, వెన్ను నిటారుగా, అంచుకు ఒదిగిపోకుండా రోడ్డు మీద తమ వంతు తీసుకుని పోతున్నారు. వెనక లారీ ఒకటి హారన్ కూడా కొట్టకుండా నెమ్మదిగా వస్తోంది. దారి ఖాళీ దొరికాక చుట్టు తిరిగి దాటింది. వాళ్లలో ఒక్కరూ తల తిప్పలేదు. నాకు ఒళ్లు పులకరించింది. సైకిలు తొక్కడంలో ఇంత దొరతనం ఉందని నాకు తెలియదు.

"చూశావా ఎస్తేరమ్మా? చోటు తీసుకుంటే చోటు ఇస్తారు," అన్నాను.

ఆమె ఒక కాలు నేలకు ఆన్చి ఆగింది. "వాళ్లకి యూనిఫాం ఉందండి బాబుగారూ. లారీవాడు బట్టలు చూసి ఆగాడు. చీర చూసి ఆగుతాడా?"

నేను మాస్టారి వైపు చూడకుండా పెడలు తొక్కాను.

సోమవారం: రోడ్డు మీద

ఈసారి ఏడున్నరకు బయలుదేరి రోడ్డు మీదే వెళ్లాం. కార్ఖానా నుంచి స్టేషను దాకా అంతా బాగానే జరిగింది. తప్పు చేసింది నేను.

స్టేషను దాటాక రోడ్డు అంచున హమాలీ ఒకడు రెండు బస్తాలు నెత్తిన పెట్టుకుని ఎదురుగా వస్తున్నాడు. నేను ఆలోచించలేదు. ఆలోచించే అవసరం నాకు ఎప్పుడూ రాలేదు. సైకిలు దిగాను. అంచు అతనికి వదిలి, రెండో వైపు, అంటే రోడ్డు నడుమ వైపు, నిటారుగా నిలబడ్డాను.

వెనక రెండంతస్తుల బస్సు కీచుమంటూ ఆగింది. దాని వెనక ఇంకోటి. హమాలీ బస్తాలతోనే ఫుట్‌పాత్ ఎక్కి వెళ్లిపోయాడు. నేను ఇచ్చిన దారి అలాగే ఖాళీగా మిగిలింది.

ఎస్తేరు ముందు ఆగి వెనక్కి చూస్తోంది. ఆమెకు ఆలస్యమైతే ఉద్యోగమే పోతుంది. "నువ్వు వెళ్లు," అని కేకేశాను. ఒక్క క్షణం సందేహించి వెళ్లిపోయింది.

ట్రాఫిక్ కానిస్టేబులు వచ్చాడు. "ఏం సార్, పెద్దమనిషి లెక్క ఉన్నరు. రోడ్డు నడుమ దిగుతరా?"

"బరువు మోసేవాడికి దారి ఇచ్చాను."

"మంచిగనే ఇచ్చిన్రు. ఇటు దిక్కెందుకు దిగిన్రు? అటు దిగరాదా?"

"మా వైపు ఇటే దిగుతాం. ఇటు కాలవ ఉంటుంది."

అతను నా మొహంలోకి చూశాడు. తాగానేమో అని వాసన కూడా చూశాడనుకుంటాను. "మీ కాలువ హారన్ కొడతదా సార్?"

"కొట్టదు."

"గదే సార్. కాలువ ఉన్నకాడ్నే ఉంటది. బస్సు వస్తది. పోండ్రి, పరేషాన్ చేయకుండ్రి."

నేను సైకిలెక్కి నెమ్మదిగా పద్మారావు నగర్ వెళ్లాను. బడి ఆవరణలో ఎస్తేరు సైకిలు గోడకు ఆనించి ఉంది. గంట ఇంకా కొట్టలేదు. గేటు బయట నిలబడ్డాను. కానిస్టేబులు మాట మనసులో తిరుగుతోంది. నేను రోడ్డును నీళ్లనుకున్నాను. మాస్టారు కూడా అంతే. నీళ్లలో పడకుండా ఉండాలంటే నీళ్లకు దూరంగా పోతాం. కాని నీళ్లకు కళ్లు లేవు. బస్సు నడిపేవాడికి ఉన్నాయి. శనివారం ఆటో డ్రైవరు అడిగింది కూడా అదే: నేనెట్ల జూడాలె అని.

వరండాలో

ఆ సాయంత్రం మాస్టారి వరండాలో అందర్నీ సమావేశపరిచాను. బాలమ్మను కూడా పిలిపించాను. నష్టపోయిన మనిషి లేకుండా మా ఇంట్లో ఏ తగువూ తెగలేదు. ఆమె గంపతో సహా వచ్చి మెట్టు మీద కూర్చుంది. కుర్చీ వేస్తే వద్దంది. నేను లేచి నిలబడ్డాను. మా తాతగారు తీర్పు నిలబడే చెప్పేవారు. నేను లేవగానే మాస్టారూ లేచారు.

"ఫుట్‌పాత్ నడిచేవాళ్లది," అన్నాను. "రోడ్డు మీద లారీకి ఉన్న బలం అక్కడ సైకిలుకు ఉంటుంది. తప్పుకునే చోటులేని మనిషి మీదికి సైకిలు పోకూడదు. అక్కడ తోసుకుని నడవొచ్చు, తొక్కకూడదు. ఎస్తేరు రోడ్డు మీద తొక్కాలి. అంచుకు కాదు. అంచున పోతే బండి చాటున, రిక్షా చాటున కనబడదు, ఆగిన కారు తలుపు తెరిస్తే తగులుతుంది. అంచుకు బారెడు ఇవతల, వెనకవాడికి కనబడేచోట, గీత గీసినట్టు పోవాలి. తిరిగేముందు చెయ్యి చూపాలి. హారన్ కొట్టినంత మాత్రాన ఉలిక్కిపడి పక్కకు దూకకూడదు. సైకిలు తాళం ఈ రాత్రే ఆమె చేతికి ఇవ్వాలి."

బాలమ్మ తల ఊపింది. "మంచిగ చెప్పినవు సారూ. రేపటి సంది కాళ్లు చాపుకొని కూసుంట."

మాస్టారు మాత్రం తల ఊపలేదు. "కనబడినా ఆగకపోతేనండి బాబుగారూ?"

ఎస్తేరు ఆదివారం అడిగిన ప్రశ్నే అది.

"దానికి నా దగ్గర జవాబు లేదు మాస్టారూ. ఆగరని ముందే తీర్మానించుకుని అమ్మాయిని ఇంట్లో కూర్చోబెడితే, ఆగేవాళ్లు ఉన్నారో లేదో ఎప్పటికీ తెలియదు. ఏదైనా అయితే ఆ మాట నాది. మా ఇంటిది. మీది కాదు."

భూములున్న రోజుల్లో తీర్పు తప్పితే పరిహారం ఇవ్వగలిగేవాళ్లం. ఇప్పుడు ఏం ఇవ్వగలను? అయినా చెప్పిన మాట వెనక్కి తీసుకోలేదు. మాస్టారు లోపలికి వెళ్లి తాళంచెవి తెచ్చి, నా చేతిలో కాదు, కూతురి చేతిలో పెట్టారు. అదే సరైన పని.

మంగళవారం

"మీరు వెనక రావద్దండి బాబుగారూ," అంది ఎస్తేరు బయలుదేరేముందు. "మీరుంటే వెనక్కి చూడాలనిపిస్తుంది."

సరేనన్నాను. కాని మాస్టారూ నేనూ ముందే నడుచుకుంటూ వెళ్లి బాలమ్మ కూర్చునే మలుపు దగ్గర నిలబడ్డాం. ఆమె నిజంగానే కాళ్లు చాపుకుని కూర్చుంది. మాకు పల్లీలు పెట్టింది, డబ్బు వద్దంది.

ఏడు ముప్పై ఐదుకు ఎస్తేరు కనబడింది. నీలం చీర, కొంగు నడుముకు బిగించి ఉంది. అంచుకు బారెడు ఇవతల వస్తోంది. ఆమె ముందు రిక్షాలు వరసగా ఆగి ఉన్నాయి. వెనక బస్సు. ఆమె వెనక్కి ఒకసారి చూసి, కుడిచెయ్యి చాపి, రిక్షాల పక్కకు జరిగింది. బస్సు హారన్ కొట్టింది.

మాస్టారు నా భుజం పట్టుకున్నారు. వేళ్లు ఎముకకు తగిలేలా పట్టుకున్నారు. "పక్కకు రామ్మా," అంటున్నారు గొంతులో.

రెండోసారి హారన్ మోగింది. ఎస్తేరు వెన్ను నిటారుగానే ఉంది. సైకిలు ఊగలేదు. తొందరపడి వేగం పెంచలేదు. బస్సు నెమ్మదించింది. ఆ రిక్షాల వరస పొడుగునా, అంత పెద్ద బస్సు, ఆమె వెనక ఆమె వేగంతోనే వచ్చింది. వరస దాటాక ఆమె ఎడమకు జరిగింది, బస్సు దాటి పోయింది. అంతే. చూసినవాళ్లకు అందులో ఏమీ లేదు. రోడ్డు మీద ఎవరూ ఆగి చూడలేదు కూడా.

తర్వాత ఆమె మా ముందు నుంచి వెళ్లింది. మమ్మల్ని చూసింది, అది నాకు తెలుసు. మూడు తరాలుగా ఆ ఇంటివాళ్లు మా ఇంటివాళ్లను చూసి ఆగి పలకరించకుండా పోయింది లేదు. ఆమె ఆగలేదు, తల ఊపలేదు. చూపు మళ్లీ రోడ్డు మీదికి పోయింది. గొలుసు సన్నగా చప్పుడు చేస్తూ మలుపు తిరిగింది.

మాస్టారు మొహం చిన్నబోయింది. "క్షమించండి బాబుగారూ. మిమ్మల్ని చూసుకున్నట్టు లేదు."

"చూసింది మాస్టారూ," అన్నాను. "పదండి, టీ తాగుదాం."